చేతులు కట్టుకున్న రెండు రోజులు

కొందరికి నోరు ఊరుకోదు, కొందరికి కాలు నిలవదు. తుఫానుకి చెయ్యి ఊరుకోదు. ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉందిలెండి, హాజరు పుస్తకంలో తప్ప దాన్ని ఎవరూ వాడరు. పదిహేనేళ్ళ కిందట రైలు పెట్టెలు శుభ్రం చేసే డిపోలో చేరిన మొదటి రోజునే ఆమె పని చూసి ఎవరో "ఇదేం మనిషే బాబూ, తుఫాను!" అన్నారు. ఆ పేరు అతుక్కుపోయింది. ఇంట్లో మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. ఆఖరి ముద్ద నోట్లోకి వెళ్ళకముందే కంచం లాగేసే పెళ్ళాంతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషి, పాపం ఇంకేమని పిలుస్తాడు?

డిపో పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. నగరం నుంచి వచ్చే రైలు వాళ్ళ ఊళ్ళో ఖాళీ అవుతుంది. తిరిగి బయల్దేరేలోపు ఒక్కో పెట్టెకి నలుగురు మనుషులు, ఇరవై అయిదు నిమిషాలు. తుఫాను జట్టులో పైభాగమంతా పొడుగమ్మది: సామాన్ల అరలు, దీపాలు, ఫ్యాన్లు. ముప్ఫై ఏళ్ళ పిల్ల, నిచ్చెన అవసరం లేని పిల్ల. సీట్లూ కిటికీలూ రేడియోవి. ఆవిడకి ఆ పేరెందుకొచ్చిందో పక్కన రెండు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది, రెండు నిమిషాలకే వదిలిపెడితే మీ అదృష్టం. నేల నిదానక్కది. యాభై నాలుగేళ్ళది, నలుగురిలో పెద్దది. సీటు కాళ్ళ సందుల్లో వేలు పెట్టి చూసుకుంటే గాని ముందుకు జరగదు. ఇక తుఫానుది గుమ్మాలూ నడవా చివరలూ. అవి ఆరు నిమిషాల్లో తేల్చేసి మిగతా ముగ్గురి మీదా పడుతుంది. ముఖ్యంగా నిదానక్క మీద. "ఇటివ్వు అక్కా, నేను లాగించేస్తా" అని చీపురు అందుకుంటుంది. అందుకోవడమని మర్యాదకి అంటున్నాను, నిజానికి లాక్కుంటుంది.

ఇన్నేళ్ళు వంగీ వంగీ తుఫాను నడుము పాడైంది. డాక్టరు ఎక్స్‌రే ఫోటో చూసి, "ఇంకో ఏడాది ఇలాగే వంగావనుకో, ఆ తర్వాత వంగే పనే ఉండదు. మంచం మీదే ఉంటావు" అన్నాడు. పని మానేస్తే గడవదు. మానకపోతే నడుం దక్కదు. సరిగ్గా అప్పుడే డిపోలో సూపర్‌వైజరు ఉద్యోగం ఖాళీ అయింది. వంగక్కర్లేదు, నిలబడి చేయించాలి, అంతే. తుఫాను అర్జీ పెట్టింది.

డిపో పెద్దసారు పరీక్ష కూడా సులువైనదే పెట్టాడు. నీ జట్టే, ఒక పెట్టె, ఇరవై అయిదు నిమిషాలు. పెట్టె తయారవ్వాలి, నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోకూడదు. మొదటిసారి పన్నెండో నిమిషానికి తుఫాను చేతిలో నిదానక్క చీపురుంది. రెండోసారి పద్నాలుగో నిమిషానికి. ఎప్పుడు లాక్కుందో తనకే గుర్తులేదు.

"చూడమ్మా, పని చేసేవాళ్ళు నా దగ్గర నలభై మంది ఉన్నారు. చేయించేవాళ్ళే లేరు. సోమవారం పొద్దున ఆఖరి అవకాశం. అదీ పోతే బయట నుంచి మనిషిని తెచ్చుకుంటాను" అన్నాడు పెద్దసారు.

ఆ సోమవారానికి ముందు శని, ఆదివారాలు డిపోలో పట్టాలు మార్చే పని పడింది. రెండు రోజులూ రైళ్ళన్నీ నగరంలోనే శుభ్రం చేస్తారు, వీళ్ళకి సెలవు. నలుగురికీ ఒకేసారి సెలవు దొరకడం అదే మొదలు. శుక్రవారం సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో నిదానక్క సంచిలోంచి నాలుగు టికెట్లు తీసి బల్ల మీద పెట్టింది.

"నగరం చూసొద్దాం. రెండు రోజులు తిరుగుదాం, తిందాం, నవ్వుకుందాం. తుఫాను మాత్రం చేతులు కట్టుకుని తిరగాలి. సోమవారానికి అలవాటవుతుంది" అంది.

రేడియో ఎగిరి గంతేసింది. నియమాలు కూడా అప్పటికప్పుడు ఆవిడే రాసేసింది. ఎవరి చేతిలో పనీ తుఫాను అందుకోకూడదు. కింద పడ్డదేదీ తియ్యకూడదు. తప్పితే ఎక్కడుంటే అక్కడే నిలబడి గట్టిగా ఒక పాట పాడాలి. తుఫాను గొంతు గురించి నేను చెప్పను, ఆమె కొడుకు చిన్నప్పుడు జోలపాట ఆపమని ఏడ్చేవాడట.

"పాడే అవసరం రాదు, చూస్తూ ఉండండి. ఆరు నూరైనా ఆ ఉద్యోగం నాదే" అంది తుఫాను.

శనివారం పొద్దున ఏడింటికి రైలెక్కారు. ఎక్కడం బాగానే ఎక్కారు, కూర్చోవడమే రాలేదు. నవ్వకండి. వేల పెట్టెలు తుడిచారు గాని, పనివాళ్ళు సీటు మీద కూర్చోకూడదని డిపోలో గట్టి నియమం. ఏ సీటు సందులో జనం తొక్కలు దోపుతారో, ఏ కిటికీ తడిస్తే బిగుసుకుంటుందో వాళ్ళకి తెలుసు. ఆ సీటు మెత్తగా ఉంటుందో గట్టిగా ఉంటుందో మాత్రం తెలీదు. టికెట్లు పట్టుకుని నలుగురూ తమ సీట్ల ముందు నిలబడిపోయారు.

"కూర్చోండే! ఎవరో వచ్చి బొట్టు పెట్టి పిలుస్తారా?" అంది రేడియో. ఆవిడా నిలబడే ఉంది.

ముందు పొడుగమ్మ కూర్చుంది. కూర్చుని, "అయ్యో, ఇంత మెత్తగా ఉంటుందా!" అంది. ఆ మాటకి మిగిలిన ముగ్గురూ ధబ్బున కూలబడ్డారు.

రైలు కదిలిన పావుగంటకి ఎక్కడి నుంచో ఒక కాగితం కప్పు దొర్లుకుంటూ వచ్చి తుఫాను కాలికి తగిలింది. ముగ్గురూ మాటలాపేసి ఆమెనే చూస్తున్నారు. తుఫాను రెండు కాళ్ళూ పైకెత్తింది. కప్పు కిందనుంచి దొర్లుకుంటూ అవతలికి పోయింది. మలుపులో మళ్ళీ వచ్చింది. మళ్ళీ కాళ్ళెత్తింది. మూడు గంటల ప్రయాణంలో ఆ కప్పు ఎన్నిసార్లు వచ్చిందో, ఆ మహాతల్లి ఎన్నిసార్లు కాళ్ళెత్తిందో! చూసేవాళ్ళకి వ్యాయామం చేస్తోందనిపించింది. దిగేసరికి మొహం నిండా చెమట, కానీ ఒక్క పాట కూడా పాడలేదు.

దిగేసరికి అన్నాను కదా, తప్పు. దిగలేదు. అసలు కథ అక్కడే జరిగింది.

నగరం వచ్చింది. జనం సామాన్లు దించుకుని దిగిపోయారు. పెట్టె ఖాళీ అయింది. ఖాళీ అయిన పెట్టె చూడగానే నలుగురూ లేచారు. ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోలేదు. పొడుగమ్మ మెడలో ఉన్న గుడ్డ తీసి సామాన్ల అర తుడవడం మొదలుపెట్టింది. రేడియో సీటు సంచుల్లో చెయ్యి పెట్టి చెత్త లాగుతోంది. నిదానక్క ఎవరో వదిలేసిన దినపత్రిక మడిచి నేల మీది పొట్టు పోగు చేస్తోంది. తుఫాను గుమ్మాలు ముగించి నిదానక్క చేతిలోని పత్రిక కోసం చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడు రైలు కదిలింది.

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తలుపులకి తాళం పడింది. ప్లాట్‌ఫారం వెనక్కి వెళ్ళిపోతోంది.

"ఏం చేస్తున్నామే మనం?" అంది రేడియో. ఆవిడ జీవితంలో అంత చిన్న మాట అదే మొదటిసారి.

రైలు వెళ్ళి వెళ్ళి యార్డులోని కడిగే షెడ్డులో దూరింది. రెండు వైపులా తాటిచెట్టంత బ్రష్షులు గిరగిరా తిరుగుతూ వచ్చి కిటికీల మీద పడ్డాయి. నురగ, నీళ్ళ జల్లు, మళ్ళీ నురగ. లోపల తుడవడమే గాని బయట ఎలా కడుగుతారో వీళ్ళెప్పుడూ చూడలేదు. భయం మరిచిపోయి కిటికీలకి ముక్కులు ఆనించి చూస్తూ నిలబడ్డారు. పొడుగమ్మ ఈలలు కూడా వేసింది. షెడ్డు దాటాక తలుపు తెరుచుకుని చీపుళ్ళతో ఏడుగురు పనివాళ్ళు ఎక్కారు. చూస్తే పెట్టె తళతళలాడుతోంది, మంచి బట్టలు కట్టుకున్న నలుగురు ఆడవాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"ఎవరమ్మా మీరు? ఈ పెట్టె ఎవరు తుడిచారు?" అంది వాళ్ళ పెద్ద.

"మేమూ మీలాంటి పనివాళ్ళమేనమ్మా. సెలవు మీద ఊరు చూద్దామని వచ్చాం" అని రేడియో మొదలుపెట్టి పూర్తి కథంతా చెప్పింది. ఏడుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. పట్టాలు దాటించి గేటు దాకా సాగనంపారు. గేటు దగ్గర నిదానక్క ఆగింది.

"పాట" అంది.

"మీరూ తుడిచారు కదా!" అని తుఫాను ఇంతెత్తున లేచింది.

"మాకు సోమవారం పరీక్ష లేదుగా" అంది నిదానక్క.

గేటు కాపలా మనిషి ముందు నిలబడి తుఫాను పాడింది. అతను గబగబా గేటు తీసేశాడు.

నగరంలో దారి చూపించే బాధ్యత రేడియోది. ఆవిడ అంతకు ముందెన్నడూ రాలేదు, అయినా వీధులన్నీ నోటికొచ్చు. యాత్రికులు సీటు సంచుల్లో వదిలేసే నగరం పటాలు ఏళ్ళ తరబడి చదివిన ఫలితం. అందులో ఒకటి వెంట తెచ్చింది కూడా. పాతది, మధ్యలో అరచేయంత కాఫీ మరక. "మరక కింద ఏముందో నాకు తెలీదు. మిగతా ఊరంతా నాదే, రండి" అని ముందు నడిచింది.

ఆ శనివారం తుఫాను ఎన్ని పాటలు పాడిందో చెబితే ఆమె పరువు పోతుంది, చెప్పకపోతే కథ పోతుంది. ఆరు. టీ కొట్లో బల్ల తుడిచేవాడు ఆలస్యం చేస్తున్నాడని గుడ్డ లాక్కుంది, ఒకటి. ప్రదర్శనశాలలో అద్దం మీద దుమ్ము కనబడి చేతి రుమాలుతో తుడిచింది, రెండు. అక్కడ పాడుతుంటే గార్డు పరుగెత్తుకొచ్చాడు. పార్కులో ఎవరో పిల్ల జోడు లేసు కట్టుకుంటుంటే వంగి కట్టేసింది, ఆ పిల్ల తల్లి వింతగా చూసింది. పొడుగమ్మ ఐస్‌క్రీం కప్పులో ఇంకా సగం ఉండగానే తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. "అక్కా, అది నాది!" అని పొడుగమ్మ ఏడుపొక్కటే తక్కువ. ఇంకోటి కొనిచ్చి, పాట కూడా పాడాల్సి వచ్చింది.

సాయంత్రం లాడ్జి గదిలో రేడియో పడీ పడీ నవ్వింది. "కుక్క తోకకి కర్ర కట్టినా వంకరే" అంది.

తుఫాను నవ్వలేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని రెండు చేతులూ నడుం కిందకి తోసేసింది. నడుం సలుపుతోంది. సోమవారం కూడా ఇలాగే అయితే ఆ తర్వాత ఏం చేయాలో ఆమెకి తెలీదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు కూడా. డాక్టరు మాట మొగుడికి తెలిస్తే ఆయన తను పనిచేసే లారీల షెడ్డులో రెండు పూటలా పని ఒప్పుకుంటాడని భయం.

"రేపు మీరు ఒక్క పాట వినరు. వింటే నా పేరు మార్చుకుంటా" అంది.

ఆదివారం పొద్దున గది శుభ్రం చేసే ఆవిడ వచ్చింది. తుఫాను కోటు జేబుల్లో చేతులు దూర్చి గోడకి ఆనుకుని నిలబడింది. ఆవిడ దుప్పటి తప్పు వైపు నుంచి మొదలుపెట్టింది. తుఫాను నాలుక కరుచుకుంది. ఆవిడ దిండ్లు కింద పెట్టింది. తుఫాను కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచింది. పది నిమిషాలయ్యేసరికి మంచాలు చక్కగా ఉన్నాయి, మూలల్లో మడతలు కూడా. ఇంకొకరి పని మొదటి నుంచి చివరి దాకా చూడటం తనకిదే మొదటిసారని తుఫానుకి అప్పుడు తట్టింది.

"బాగానే చేసిందే" అంది మెట్లు దిగుతూ, ఎవరో మోసం చేసినట్టు.

మధ్యాహ్నం దాకా పాట లేదు. పొడుగమ్మ కావాలని రెండుసార్లు చేతి గుడ్డ కింద పడేసింది. తుఫాను దాటుకుని వెళ్ళింది. రైలు నాలుగింటికి. ఉన్న టైములో మరక కింద ఏముందో చూసెళ్దామంది రేడియో. వెళ్ళి చూస్తే పెద్ద చెరువు, చుట్టూ గట్టు, అద్దెకిచ్చే చిన్న చిన్న పడవలు. ఒక్కో పడవకి అరగంట, రెండు తెడ్లు. గట్టు మీద మెడలో ఈల వేసుకున్న పడవలాయన.

"నేను నడుపుతా" అంది నిదానక్క. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అడిగేసరికి ఎవరూ కాదనలేదు.

నిదానక్క తెడ్డు వేయడం కూడా నేల ఊడ్చినట్టే. రెండు తెడ్లూ నీళ్ళలో ముంచుతుంది, లాగుతుంది, ఆగి నీళ్ళు కారేదాకా చూస్తుంది, మళ్ళీ ముంచుతుంది. పక్క పడవల్లోని కుర్రకారు రెండు చుట్లు తిరిగొచ్చారు, వీళ్ళు ఇంకా చెరువు మధ్యకి చేరలేదు. రేడియో ఏదో పాత కథ చెబుతోంది, పొడుగమ్మ వేళ్ళు నీళ్ళలో ముంచి ఆడుకుంటోంది. తుఫాను ఒక్కతే గట్టు మీది గడియారం చూస్తోంది. పదిహేను నిమిషాలు. పద్దెనిమిది. ఇలాగైతే టైముకి ఒడ్డుకి ఎలా వెళ్తాం? రైలు తప్పిపోతే? ఇరవై.

"ఇటివ్వు అక్కా, నేను లాగించేస్తా."

ఎప్పుడు లేచిందో ఎప్పుడు లాగిందో, ఎప్పట్లాగే తనకి తెలీదు. పడవ ఊగింది. పొడుగమ్మ కెవ్వుమంది. కుడి తెడ్డు దాన్ని పట్టి ఉంచే కొక్కెంలోంచి ఊడి, తుఫాను వేళ్ళలోంచి జారి నీళ్ళలో పడింది. అందుకుందామని వంగితే నడుములో కత్తి దిగినట్టయి అలాగే కూలబడింది. తెడ్డు మెల్లగా తేలుతూ చేతికి అందనంత దూరం పోయింది.

పొడుగమ్మ పడవ అంచు రెండు చేతులా పట్టుకుంది. రేడియో కూడా.

"సరే, పాడతాను" అంది తుఫాను నడుం పట్టుకుని, నవ్వబోతూ.

"పాట వద్దు" అంది నిదానక్క. ఆమె గొంతు వణుకుతోంది. కోపమని గుర్తుపట్టడానికి వాళ్ళకి కొంత సేపు పట్టింది, ఎందుకంటే ఎప్పుడూ చూడలేదు. "పదిహేనేళ్ళ నుంచి అడుగుదామనుకుంటున్నా. నా చేతిలోంచి ఎందుకే లాక్కుంటావు?"

"నీకు కష్టమవుతుందని అక్కా. పెద్దదానివి..."

"కష్టమని నేనన్నానా? ఒక్కసారన్నానా?"

తుఫాను నడుం మీది చెయ్యి తీసేసింది.

"నువ్వు రెండుసార్లు పరీక్ష తప్పావని ఏడుస్తున్నావు. ఆ రెండుసార్లూ నేనూ తప్పాను, అది నీకు కనబళ్ళేదు. పెద్దసారు ముందు నా చేతిలో చీపురు లాక్కున్నావు. రెండోసారి తర్వాత ఆయన నన్ను పిలిచి ఏమన్నాడో తెలుసా? 'నీకు చేతకావట్లేదు కదమ్మా, బకెట్లు కడిగే షెడ్డుకి మార్చమంటావా' అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఎవరికీ చెప్పలేదు."

"అక్కా, నాకు తెలీదు, ఒట్టు. నీ వల్ల రైలు ఆలస్యమైతే నిన్ను అంటారనే కదా నేను..."

"నా వల్ల ఎన్ని రైళ్ళు ఆలస్యమయ్యాయి?"

తుఫాను వెతికింది. పదిహేనేళ్ళూ వెతికింది. ఒక్కటీ దొరకలేదు. ఎలా దొరుకుతుంది? ప్రతిసారీ పన్నెండో నిమిషానికో పద్నాలుగో నిమిషానికో చీపురు తన చేతిలోనే ఉంది.

"నేను టైముకి చేయగలనా లేదా? నాకే తెలీదే తుఫానూ. ఒక్కసారైనా నువ్వు తెలుసుకోనిచ్చావా?" అంది నిదానక్క. కళ్ళు తుడుచుకుని, మిగిలిన ఒక్క తెడ్డూ చేతిలోకి తీసుకుంది.

తుఫానుకి ఏడుపు తన్నుకొచ్చింది. తాను చేసింది సాయమనే అనుకుంది ఇన్నాళ్ళూ. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయింది కూడా. ఆ మెచ్చుకోలు కింద ఒక మనిషి తలెత్తుకోలేకపోతోందని ఒక్కనాడైనా తోచలేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది.

ఒంటి తెడ్డుతో పడవ నడపడం ఎవరికీ రాదు. కుడివైపు వేస్తే ఎడమకి తిరుగుతుంది, ఎడమవైపు వేస్తే కుడికి. నిదానక్క రెండు చుట్లు అక్కడికక్కడే తిరిగింది. ఆగింది, ఆలోచించింది. ఆ తర్వాత కుడివైపు రెండు వేట్లు, ఎడమవైపు రెండు వేట్లు. పడవ పాములా వంకర టింకరగా కదిలింది. ముందు నీళ్ళలో పడ్డ తెడ్డు దగ్గరికి పోనిచ్చింది, పొడుగమ్మ పొడుగు చెయ్యి చాచి దాన్ని అందుకుంది. కొక్కెం వంగిపోవడంతో అది పనికిరాలేదు. మళ్ళీ ఒంటి తెడ్డే.

గట్టు మీద పడవలాయన ఈల ఊదాడు. అరగంట దాటింది. ఎదర మనుషులు పడవల కోసం వరస కట్టి నిలబడి వీళ్ళకేసి చూస్తున్నారు. ఎవరో నవ్వుతున్నారు కూడా. "నేను సాయం పట్టనా అక్కా?" అంది రేడియో. నిదానక్క తల అడ్డంగా ఊపింది. తుఫాను రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. తియ్యలేదు. ఇంకో ఈల. తియ్యలేదు. నలభై రెండు నిమిషాలకి పడవ గట్టుకి తగిలింది. పడవలాయన చెడామడా తిట్టాడు. నిదానక్క వంగిన కొక్కెం చూపించి, ఎవరు చేశారో చెప్పకుండా, తప్పైపోయిందని ఒప్పుకుంది. గట్టెక్కాక ఆమె మొహంలో చిన్న నవ్వొకటి కనబడింది. రైలు పరుగెత్తి అందుకున్నారు, ఆఖరి పెట్టెలో.

దారంతా తుఫాను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరి దీపాలు కనబడుతుండగా నిదానక్క పక్కకి జరిగి, "తప్పు చేశానక్కా" అంది.

"ఊఁ. చేశావు" అంది నిదానక్క. కాదనలేదు, ఫరవాలేదనీ అనలేదు. సంచిలోంచి వేయించిన వేరుశెనగలు తీసి ఆమె దోసిట్లో పోసింది.

సోమవారం పొద్దున ఎనిమిదీ పదికి రైలు డిపోలోకి వచ్చింది. పెద్దసారు చేతి గడియారం చూసుకుని తల ఊపాడు. పొడుగమ్మ పైకి, రేడియో సీట్లకి, నిదానక్క నేలకి. గుమ్మాలకి పక్క జట్టు నుంచి ఒకామెని ఇచ్చారు. తుఫాను నడవా మధ్యలో చేతులు కట్టుకుని నిలబడింది.

పన్నెండో నిమిషానికి నిదానక్క ఆరో వరసలో ఉంది. మొత్తం పద్దెనిమిది వరసలు. పెద్దసారు తుఫాను చేతులకేసి చూశాడు. పద్నాలుగో నిమిషానికి ఎనిమిదో వరస. పొడుగమ్మ పైన పని ముగించి ఊపిరి బిగబట్టింది. తుఫాను అరచేతులు చంకల్లో ఇరికించుకుంది. ఇలాగైతే పూర్తికాదని లెక్క చెబుతోంది. చీపురు చివరి వరస దాకా చేరదని పదిహేనేళ్ళ అలవాటు అరుస్తోంది. ఉద్యోగం పోతుంది, నడుం పోతుంది, ఇంట్లో ఆయన రెండు పూటలా షెడ్డుకి పోతాడు. పోతే పోనీ. ఈసారి చీపురు అక్కదే.

పదో వరస దాటాక చీపురు వేగం అందుకుంది. వేగం కూడా కాదు, అటువైపు అసలు చెత్తే తక్కువ. జనమంతా చేతులు కడుక్కునే కొళాయి ఉన్న ఇటు గుమ్మం దగ్గరి వరసల్లోనే తిని పారేస్తారు, లోపలివి ఎప్పుడూ తేలికే. తుఫాను ఎప్పుడూ బరువు వరసల దగ్గరే చీపురు లాక్కునేది, ఆ తర్వాత చకచకా అయిపోతే అది తన వేగమే అనుకునేది. ఇరవయ్యో నిమిషానికి ఊడవడం అయింది. తడిగుడ్డ మొదలైంది. ఇరవై మూడుకి నిదానక్క వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, ఆఖరి జానెడు నేలా తుడిచి, ప్లాట్‌ఫారం మీదకి దిగి నడుం సాచింది.

తడిగుడ్డ మొదలవగానే అవతలి గుమ్మం గుండా దిగిపోయిన తుఫాను పరుగున వచ్చింది. పెద్దసారు గడియారం చూసుకుని, పెట్టె చూడ్డానికి మెట్టు మీద కాలు పెట్టబోయాడు. నిదానక్క చీపురు అడ్డం పెట్టింది.

"ఆగండి సార్, నేల తడిగా ఉంది. ఇంకో రెండు నిమిషాలున్నాయి కదా, ఆ రెండూ ఆరడానికి. నేను ఎప్పుడూ అలా లెక్కేసుకునే మొదలుపెడతాను" అంది.

పదిహేనేళ్ళుగా జనం తడినేల మీదే ఎక్కేవాళ్ళు. బురద అడుగులు పడేవి, దారిలో ఎవరో ఒకరు ఫిర్యాదు రాసేవాళ్ళు. ఎందుకలా అవుతోందో డిపోలో ఎవరికీ అంతు పట్టలేదు. తుఫానుకి ఇప్పుడు పట్టింది: చీపురు లాక్కున్నాక ఆరడానికి టైము తనెప్పుడూ వదల్లేదు. ఆమె నిదానక్క వైపు చూసింది. చూడలేక తల దించుకుంది.

పెద్దసారు కాలు వెనక్కి తీసుకున్నాడు. ఆయనా, కొత్త సూపర్‌వైజరు తుఫానూ పక్కపక్కన నిలబడి నేల ఆరేదాకా ఎదురుచూశారు.